మిగిలిన అంజూరపండ్లతో క్రంబుల్

(ఎర్రగడ్డ రైతుబజారుకు సరకు తెచ్చు రైతుల కొరకు తయారుచేసిన ప్రసంగ పాఠము)



బావిగట్టున గాని పెరటిలో గాని రెండు మూడు అంజూరచెట్లు ఉన్నవారికి ఒక ఇబ్బంది బాగుగా తెలియును. చెట్టు కొన్నాళ్లు ఒక్క పండైనను ఇయ్యక ఊరించును. తరువాత ఒక్క వారములో గంపలకొద్ది పండించి, ఏమి చేసికొందురో మీ ఇష్టమని వదలివేయును. మామిడిని గడ్డిలో వేసి మాగబెట్టవచ్చును. అరటిగెలను పచ్చిగా కోసి మనకు అనుకూలమైన నాడు పండించుకొనవచ్చును. అంజూరకు ఈ ఉపాయములు చెల్లవు. పచ్చిగా కోసినచో తీపి రాదు, పండిన పిమ్మట నిలువదు. వేసవి ఎండలో కోసిన పండు మరునాటి సాయంత్రమునకే మెత్తబడి, కారి, ఈగలను పిలుచును. కావున మిగిలిన పండ్లను ఏమి చేయవలెనన్నది వారము తరువాత ఆలోచించు ప్రశ్న కాదు. ఆ రాత్రికే తేల్చుకొనవలసిన ప్రశ్న. ఇప్పుడు చెప్పబోవునది ఆ రాత్రి చేయదగిన ఒక పనిని గూర్చి.

ఎర్రగడ్డ యనగానే రాయలసీమ సోదరులకు ఉల్లిపాయ స్ఫురించును. అక్కడ ఉల్లికి ఎర్రగడ్డ యనియే పేరు. మేము చెప్పునది హైదరాబాదులో భరత్‌నగర్‌కు, సంజీవరెడ్డినగర్‌కు నడుమనున్న ఎర్రగడ్డ. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైన తరువాత దళారి లేకుండ సరకు అమ్ముకొనుటకు రైతులకు దొరికిన చోట్లలో ఎర్రగడ్డ బజారు ఒకటి. కూరగాయలతో పాటు ఇంటి చెట్టున కాసిన నాలుగు పండ్లను కూడ గంపలో పెట్టుకొని వచ్చువారు ఉందురు. దానికి కొద్ది మైళ్ల దూరములోనే జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఉన్నవి. అక్కడి బంగళాలలో వంటయింటికి ఓవెను ఉండుట మామూలు సంగతి. ఈ రెండవ మాట ఎందుకు చెప్పుచున్నామో ముందు ముందు తెలియును.

అంజూర మనకు పరాయి పండు కాదు. పూణె జిల్లా పురంధర్ తాలూకాలో దీనిని విరివిగా పెంచుదురు. పురంధర్ అంజూరకు 2016లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. బళ్లారి, అనంతపురము ప్రాంతములలోను తోటలు గలవు. మన మెట్ట భూములలో నీరు నిలువని నేల యున్నచోట చెట్టు చక్కగా వచ్చును. చిక్కంతయు పండిన తరువాతనే.

ముందుగా కోతను గూర్చి రెండు మాటలు. మెడ వాలి, పండు కిందికి వ్రేలాడి, చేతికి మెత్తగా తగిలినప్పుడే కోయవలెను. తొడిమ త్రుంచినచోట పాలు ధారగా కారినచో ఆ పండు ఇంకను పక్వమునకు రాలేదని తెలిసికొనండి. ఆ పాలు సామాన్యమైనవి కావు. వానిలో మాంసకృత్తులను కరగించు గుణము గల పదార్థము గలదు. చేతికి అంటి ఎండ తగిలినచో దురద, మంట, బొబ్బలు కూడ రావచ్చును. కోతకు పోవుటకు ముందు చేతులకు కొబ్బరినూనె రాసుకొనుట గాని, చేతితొడుగులు వేసికొనుట గాని మంచిది. పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. అంజూర ఆకులు గరుకైనవి; వానినే గంపలో పరచినచో పండు గీచుకొనిపోవును. ఎండుగడ్డి గాని, అరటాకు గాని పరచి, పండ్లను ఒకే వరుసగా పేర్చవలెను. రెండవ వరుస పెట్టితిరా, అడుగువరుస మీది కాదు, ఈగలది.

ఇక పండ్లను వేరుచేయుట. ఈ పని బజారుకు బయలుదేరుటకు ముందు చేయవలెను గాని, అక్కడ కొనువాని ఎదుట చేయరాదు. గట్టిగా, చర్మము పగులక యున్నవి ఒక గంపలో పెట్టండి. అవి పచ్చిగా తినుటకు అమ్మునవి. బాగుగా మెత్తబడి, చర్మము కొంచెము చిట్లి, తేనె వంటి రసము చుక్కగా నిలిచినవి ఇంకొక గంపలో పెట్టండి; ఇవి వంటకు, కాల్చుటకు శ్రేష్ఠమైనవి. రెండింటిని కలిపి అమ్మినచో మెత్తనివి గట్టివాని ధరను కూడ దించును. జూబిలీహిల్స్ నుండి వచ్చు కొనుగోలుదారుని మాట ఇక్కడ జ్ఞాపకము చేసికొనండి. ఇంట ఓవెను ఉన్నవానికి, "ఇవి కాల్చి తినుటకు పనికివచ్చు పండ్లు, ఈ రాత్రికే వాడవలెను" అని దాపరికము లేకుండ చెప్పి వేరుగా అమ్మినచో కొనును. మెత్తని పండును గట్టి పండని చెప్పి అంటగట్టినచో రేపు రాడు.

మూడవ రకము కూడ ఉండును. దానిని గూర్చి కొంచెము గట్టిగానే చెప్పవలెను.

అంజూరను పండు అందుము గాని అది నిజమునకు లోపలివైపు పూచిన పూలగుత్తి. దాని అడుగున చిన్న కన్ను ఉండును. మేడిపండును చీల్చి చూచినవారు ఇందులోను పురుగులు ఉండునేమో యని సంశయింతురు. మేడికి పరాగసంపర్కము జరుగుటకు కన్నుగుండ లోపలికి దూరు చిన్న కందిరీగ వంటి పురుగు కావలెను. మనము పెంచు పూనా రకమునకు ఆ పురుగుతో పని లేదు. పరాగసంపర్కము లేకయే కాయ ఊరి పండగును. కావున లోపల పురుగు కనబడినచో అది పండిన తరువాత కన్నుగుండ బయటినుండి వచ్చినదే. ఈగలు, చిన్న పెంకుపురుగులు ఆ దారినే లోపలికి పోయి పులియబెట్టు సూక్ష్మజీవులను చేర్చును. కన్నువద్ద నురుగు, కల్లు వంటి పులిసిన వాసన ఉన్న పండును తీసివేయవలెను. లోపల నల్లగా, బూడిదరంగుగా, పచ్చగా బూజు కనబడిన పండును మారుమాట లేకుండ పారవేయవలెను.

"చెడిన మేరకు కోసి తీసివేసి, తక్కినది ఉడికించి తినుదము" అని కొందరు పెద్దలు అనుట కద్దు. జామకాయకు దెబ్బ తగిలినచోట ఆ మాట చెల్లవచ్చును; బూజుపట్టిన అంజూరకు చెల్లదు. వేరుసెనగలో అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించు బూజే అంజూరలోను పెరుగగలదు. ఈ విషము ఉడికించినను, కాల్చినను పోదు. అట్టి పండ్లను గేదెకు వేయుట కూడ తప్పే. ఆ విషములో కొంత భాగము పాలలోకి దిగును. ఇంటిల్లిపాది, అందులోను పసిపిల్లలు, త్రాగు పాలు అవి. ఆ పండ్లను గోతిలో లోతుగా పూడ్చివేయండి. నాలుగు పండ్లు పోయినవని బాధపడుటకు ఇది సమయము కాదు.

ఇప్పుడు క్రంబుల్ సంగతి. ఇది ఇంగ్లండు దేశపు ఇంటి వంట. పండ్లముక్కలు అడుగున వేసి, వెన్న, చక్కెర, పిండి కలిపి పొడిపొడిగా నలిపిన దానిని పైన చల్లి, పొయ్యిలో కాల్చుదురు. లోపల పండు రసముగా ఉడుకును, పైన కరకరలాడు కప్పు ఏర్పడును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1940 జనవరిలో, అక్కడ వెన్నకు, చక్కెరకు రేషను పెట్టిరి. పిండిని వత్తి, అడుగున, పైన పరచి చేయు పండ్ల వంటకమునకు పిండి, వెన్న ఎక్కువ పట్టును. పొడి చల్లినచో తక్కువతో సరిపోవును. ఈ వంటకము ఆ కాలమున బాగుగా వ్యాప్తిలోనికి వచ్చినదని చెప్పుదురు. అనగా ఇది గొప్పవారి విందుకై పుట్టిన వంటకము కాదు. ఉన్నదానితో సరిపెట్టుకొను సంసారుల తెలివి.

మన తెలంగాణములో మలీద చేయని ఇల్లు అరుదు. జొన్నరొట్టెను గాని సజ్జరొట్టెను గాని నలిపి, బెల్లము, నెయ్యి కలిపి బతుకమ్మనాడు ముద్దలు చేయుదుము. ఆ ముద్ద కట్టుటకు ముందు చేతిలో ఉండు పొడి ఎట్లుండునో క్రంబుల్ పైపొడి ఇంచుమించు అట్లే ఉండును. తేడా ఏమనగా, మలీదకు రొట్టె ముందుగా కాలును, దీనికి పొడి తరువాత కాలును. అందుచేత మలీద చేసిన చేతికి ఇది కొత్త విద్య కాదు.

ఈ వంట ఇల్లాండ్రకు చెప్పవలసినది గాని మాకెందుకని మగవారు పుస్తకము మూయకండి. మిగిలిన గంపను రాత్రి ఎనిమిది గంటలకు ఇంటికి తెచ్చి గుమ్మములో దించునది మీరే. పొద్దుటినుండి పొలములో పనిచేసి వచ్చిన ఆమె నెత్తిన ఇంకొక పని పెట్టునప్పుడు నిప్పులు రాజేయుట, పండ్లు కడుగుట మీ వంతు.

ఎనిమిది మందికి సరిపోవునట్లు కొలతలు చెప్పెదము. మెత్తని అంజూరపండ్లు ఒక కిలో. వానిలో కలుపుటకు చక్కెర గాని, తురిమిన బెల్లము గాని 60 గ్రాములు. పండ్లు మిక్కిలి తియ్యగా ఉన్నచో అదికూడ అక్కరలేదు. పెద్ద నిమ్మకాయ ఒకటి. గోధుమపిండి ఒక పెద్ద చెంచా. సొంఠిపొడి, ఏలకులపొడి చిటికెడు చొప్పున. పైపొడికి గోధుమపిండి 130 గ్రాములు, జొన్నపిండి 70 గ్రాములు, చక్కెర 80 గ్రాములు, పేరిన నెయ్యి 80 గ్రాములు, వేయించి పొట్టుతీసి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు ఒక గుప్పెడు, ఉప్పు చిటికెడు. నెయ్యికి బదులు వెన్న వాడువారు 100 గ్రాములు తీసికొనవలెను. వెన్నలో నీరు కలిసియుండును గనుక ఆ మేరకు ఎక్కువ కావలెను.

నిమ్మరసము రుచికొరకు మాత్రమే కాదు. అంజూరలో పులుపు తక్కువ. తీపి ఒక్కటే యున్నచో నాలుగు చెంచాలు తినునప్పటికి మొగము మొత్తును. వానకాలపు పంటకు ఈ మాట వేరుగా వర్తించును. వేసవిపంట తియ్యగా, సువాసనగా ఉండును. వానలలో పండినది నీరుపట్టి చప్పగా ఉండి పగులును. వానకాలపు పండ్లతో చేయునప్పుడు వానిని కోసి అరగంటసేపు జల్లెడలో ఉంచి, కారిన నీటిని వేరుగా మరిగించి చిక్కబరచి తిరిగి కలపండి. లేనియెడల పైకప్పు కరకరలాడుటకు బదులు అంబలి యగును.

జొన్నపిండి ఎందుకని అడుగవచ్చును. జొన్నరొట్టె చేయువారికి తెలియును, ఆ పిండి గోధుమపిండి వలె సాగదు. తట్టుటకు నేర్పు కావలెను. రొట్టెకు కష్టమైన ఆ గుణమే ఇక్కడ మేలు చేయును. సాగు గుణము లేని పిండి పొడిపొడిగా నిలిచి కాలును. సజ్జపిండి కూడ వేయవచ్చును గాని అప్పుడే విసరినదై యుండవలెను. విసరి కొన్నాళ్లైన సజ్జపిండి చేదెక్కును. ఆ చేదును బెల్లము కూడ కప్పలేదు.

పైపొడిని ముందుగా చేసికొనవలెను. పిండ్లు, చక్కెర, ఉప్పు కలిపి, పేరిన నెయ్యిని వేసి వ్రేళ్ల కొనలతో నలపండి. అరచేయి తగులనీయకండి, అరచేతి వేడికి నెయ్యి కరగును. వేసవిలో హైదరాబాదు ఎండకు నెయ్యి గిన్నెలోనే నీరై యుండునుగదా అందురు. అట్లయిన ఆ నేతిగిన్నెను ముందుగా కుండనీళ్లలో గాని, ఫ్రిజ్జులో గాని కొంతసేపు ఉంచి గట్టిపరచుకొనండి. సరిపడిన గుర్తు చెప్పెదను: గుప్పిట పట్టినచో సున్నుండ వలె ముద్దకట్టవలెను, వ్రేలితో తట్టినచో విడిపోవలెను. పొడి మరీ పొడిగా ఉన్నదని నీళ్లు చిలకరించుట కూడదు. నీరు తగిలినచో అది రొట్టెపిండియై, కాలిన తరువాత పెంకువలె గట్టిపడును. నెయ్యి ఎక్కువైనచో చలిమిడివలె అంటుకొనును. అప్పుడు ఇంకొక గుప్పెడు జొన్నపిండి వేయవచ్చును. పల్లీలు చివర కలిపి, గిన్నెను చల్లని చోట పెట్టండి.

పండ్లను కడిగి, తుడిచి, తొడిమలు కోసి, ఒక్కొక్క పండును నాలుగు ముక్కలు చేయండి. చీల్చినప్పుడు ప్రతి పండు లోపల చూడవలెను. ముందు చెప్పిన బూజు, పులుపు ఇక్కడ మరల పట్టుబడును. మొత్తము పండును అట్లే వేయువారు ఈ పరీక్ష తప్పించుకొందురు, అది మంచిది కాదు. తొక్క తీయనక్కరలేదు. చక్కెర, నిమ్మరసము, పొడులు, చెంచాడు గోధుమపిండి కలిపి, అంచు గల స్టీలు గిన్నెలో గాని ఎనామెలు పళ్లెములో గాని రెండు వ్రేళ్ల మందమున పరచండి. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెలు పనికిరావు. పులుపు తగిలి చిలుమెక్కును. పైన పొడిని చల్లండి. అదిమివేయకండి. పొడి నడుమ సందులుండవలెను. పండులోని ఆవిరి ఆ దారిని పైకి వచ్చును.

ఓవెను ఉన్నవారికి పని సులభము. 180 డిగ్రీల వేడిలో ముప్పది అయిదు నిమిషములనుండి నలుబది నిమిషములు చాలును. మన ఊళ్లలో చాలమందికి అది ఉండదు గనుక బొగ్గులతో చేయు పద్ధతిని వివరించెదము. బిర్యానికి దమ్ము పెట్టుట చూచినవారికి ఇది తెలిసిన పనియే: కింద నిప్పు, మూతమీద నిప్పు.

దళసరి అడుగుగల పెద్ద గంజు నొకటి తీసికొని, జల్లించి ఎండబెట్టిన ఇసుకను రెండంగుళముల మందమున పోయండి. నడుమ చిన్న ఇనుప స్టాండును గాని, సమముగా ఉన్న మూడు పెంకుముక్కలను గాని ఉంచి, మూతపెట్టి, బొగ్గుల పొయ్యిమీద పదునైదు ఇరువది నిమిషములు కాచండి. మూత బోర్లా పెట్టినచో పైన నిప్పులు నిలుచును. వేడి సరిపోయినదో లేదో తెలిసికొనుటకు పాతకాలపు ఉపాయ మొకటి గలదు. చిన్న స్టీలు మూతలో చెంచాడు గోధుమపిండి పలుచగా చల్లి లోపల పెట్టండి. అయిదు నిమిషములలో బంగారురంగునకు వచ్చినచో వేడి సరిగా ఉన్నది. తెల్లగానే ఉన్నచో ఇంకను కాగవలెను. నల్లబడినచో కింది నిప్పులు కొన్ని లాగివేయవలెను. తరువాత పండ్ల గిన్నెను స్టాండుమీద నుంచి, మూతపెట్టి, మూతపైన ఎర్రని నిప్పులు పరచండి. కిందకంటె పైన నిప్పులు కొంచెము ఎక్కువ ఉండవలెను. పిండి పైన కదా కాలవలసినది.

ఈ పని ఆరుబయట చేయవలెను. తలుపులు మూసిన వంటయింట బొగ్గులు రాజేయుట ప్రాణాపాయము. బొగ్గు విడుచు విషవాయువునకు వాసన కూడ ఉండదు. ప్రెషరుకుక్కరులో ఇసుక పోసి కాల్చు అలవాటు పట్టణములలో కొందరికి ఉన్నది. ఒట్టి కుక్కరును ఆ విధముగా కాచినచో అది పాడగును, తరువాత పప్పు ఉడికించునాడు నమ్మకము ఉండదు. పాత గంజు ఉండగా ఆ సాహసము దేనికి? గాజుగిన్నెను కూడ నిప్పులమీది గంజులో పెట్టరాదు, పగులును.

నలుబది అయిదు నిమిషములైన పిమ్మట నిప్పులు రాలకుండ మూత తీసి చూడండి. బూడిద లోపల పడకుండ ముందుగా ఊదివేయక, తడిగుడ్డతో మూత అంచు తుడిచి తీయవలెను. అంచులవద్ద రసము చిక్కగా, ఎర్రగా బుడగలు వేయవలెను. పైన లేత బిస్కట్టు రంగు రావలెను. రంగు వచ్చి రసము ఉడుకకున్నచో పైనిప్పులు తీసివేసి ఇంకొక పది నిమిషములు ఉంచండి. రసము ఉడికి రంగు రాకున్నచో పైన నిప్పులు పెంచండి. దించిన వెంటనే పిల్లలకు పెట్టకండి. ఉడికిన చక్కెరరసము నీటికంటె ఎక్కువ కాల్చును. ఇరువది నిమిషములు ఆగినచో రసము చిక్కబడును, రుచియు అప్పుడే తెలియును.

పైన మీగడ గాని, చిక్కని పాలు గాని పోసికొని తినవచ్చును. ఖుబానీ మీఠాకు మీగడ ఎట్లు తోడగునో దీనికిని అట్లే. పచ్చి అంజూరను పాలలో వేసినచో విరుగుట కొందరు చూచి యుందురు. దానికి కారణము ముందు చెప్పిన చెట్టుపాలలోని పదార్థమే. కాలిన పండులో ఆ పదార్థము నశించును గనుక పాలు విరుగవు. చక్కెర జబ్బు ఉన్నవారు మాత్రము రెండు చెంచాలతో ఆగవలెను. పండులోనే నూటికి పదునారు పాళ్లు చక్కెర ఉన్నది, మనము మరికొంత కలిపితిమి.

ఇక ఖర్చు. ఈ వంటకు ఎక్కువ ఖర్చు నేతిదే. ఇంట పాడి యున్నవారికి బాధ లేదు. నెయ్యి కొనువారు మీ ఊరి ధర వేసి లెక్క చూచుకొనండి. సాయంత్రము బజారులో కిలో మెత్తని పండ్లకు వచ్చు డబ్బుకంటె దీనిలో పోయు నేతికి ఎక్కువ కావచ్చును. అట్లయినచో ఇది లాభసాటి పని యని మేము చెప్పము. పైపొడిని సగము చేసి పలుచగా చల్లుకొనవచ్చును; రుచి కొంత తగ్గును గాని తప్పు లేదు. ఇంకొక సంగతి కూడ ఆలోచించండి. చెట్టు మనది, నీరు మనము పోసినది, కాపలా మనము కాసినది. పండు మాత్రము మన పిల్లలు ఎన్నిసార్లు తినిరి? మంచి పండ్లన్నియు గంపకెక్కును, మిగిలినవి పెంటకెక్కును. చాల ఇండ్లలో జరుగునది ఇదే. పండ్లతోటల మధ్య పెరిగి పండు రుచి ఎరుగని పిల్లలను మేము చూచియున్నాము. వారానికి ఒక రాత్రి ఆ మెత్తని గంప ఇంటి వాకిట దిగినచో లెక్క పుస్తకములో అది నష్టముగా కనబడవచ్చును. అట్లే కనబడనీయండి.

అయితే మిగిలినవి ఒకటి రెండు కిలోలు కాక పది ఇరువది కిలోలైనచో క్రంబుల్ దారి కాదు. అప్పుడు ఎండబెట్టవలెను. మూడు నాలుగు కిలోల పండ్లకు కిలో ఎండు అంజూర వచ్చును. మరుగు నీటిలో ఒక నిమిషము ముంచి, రెండుగా చీల్చి, కోసిన వైపు పైకి ఉండునట్లు వెదురు తట్టలలో పేర్చి, పలుచని బట్ట కప్పి ఎండలో ఉంచండి. రాత్రి మంచు తగులకుండ లోపలికి తేవలెను. పిండినచో రసము రాకుండ, తోలువలె వంగునప్పుడు ఎండినట్లు. ఒక వారము గాజుసీసాలో ఉంచి రోజు కుదుపుచు చూడండి. సీసాలోపల చెమ్మ పట్టినచో మరల ఎండబెట్టవలెను. ఇందులో ఆశ పెట్టుకొనునది కొంచెము తగ్గించుకొనవలెను. మన పూనా రకము పచ్చిగా తినుటకు పేరుపొందినది. అంగళ్లలో దండలుగా వ్రేలాడు అంజీరలో ఎక్కువ భాగము ఆఫ్ఘనిస్థానమునుండి వచ్చునది. దానితో రంగులో, పరిమాణములో మన ఇంటి సరకు పోటీపడలేదు. ఇంటి వాడకమునకు, తెలిసినవారికి మాత్రము చక్కగా సరిపోవును.

పండ్లను చక్కెరపాకములో వేసి సీసాలలో బిగించి నెలలతరబడి దాచు పద్ధతిని ఇంటివద్ద చేయవద్దని మా సలహా. పులుపు తక్కువైన పండు గనుక, గాలి తగులని సీసాలో ప్రాణము తీయు విషక్రిములు పెరుగుటకు వీలుండును. జాము చేయువారు కిలో పండ్లకు కనీసము రెండు మూడు నిమ్మకాయల రసము పిండవలెను. దానివలన జాము గట్టిగా కట్టును, చెడకుండ నిలుచును. ఫ్రిజ్జు ఉన్నవారు చీల్చిన ముక్కలను మంచుగడ్డ కట్టు అరలో దాచి, చెట్టు ఖాళీగా ఉన్న దినములలో క్రంబుల్‌కు వాడుకొనవచ్చును. కరగిన ముక్కలు పచ్చిగా తినుటకు బాగుండవు గాని కాల్చుటకు వంక లేదు.

వండిన దానిని బజారులో అమ్ముదమా అని అడుగువారు ఉందురు. పండును పండుగా అమ్ముట వేరు, వండి అమ్ముట వేరు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము ప్రకారము వండిన పదార్థము అమ్మువారు చిన్న వ్యాపారులైనను పేరు నమోదు చేసికొనవలెను. నిజముగా ఆ ఉద్దేశము ఉన్నవారు దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రములో పండ్ల నిలువ శిక్షణ ఎప్పుడు జరుగునో కనుగొని, నేర్చుకొని, ఆ తరువాత మొదలుపెట్టండి.

అంజూర లేనివారు ఇదే కొలతతో దోరమామిడి ముక్కలను, గింజలు తీసిన జామను వాడవచ్చును. మామిడికి నిమ్మరసము అక్కరలేదు, చక్కెర కొంచెము పెంచవలెను. సీతాఫలము మాత్రము ఎన్నటికిని వేయకండి. వేడి తగులగానే చేదెక్కును. మిగిలిన క్రంబుల్‌ను మూతపెట్టి ఫ్రిజ్జులో ఉంచినచో రెండు దినములు ఉండును. బయట ఉంచినచో వేసవిలో ఉదయమునకే తినివేయవలెను. మరునాడు తినునప్పుడు పెనముమీద కాక, అదే గంజులో, అదే ఇసుకమీద పది నిమిషములు పెట్టండి. పైకప్పు మరల కరకరలాడును. ఆ ఇసుకను పారబోయక, చల్లారిన తరువాత డబ్బాలో పోసి ఉంచుకొనండి. దానిమీద రసము పొంగి పడకున్నచో వచ్చే కోతకు కూడ అదే పనికివచ్చును.